మంచు మిగులుతుందా అని అడిగితే ఏం చెప్పాలి?

(ఈ మధ్య పాడేరు వైపు జరిగిన ఒక యువజన శిబిరంలో మాట్లాడిన మాటలివి. ఒక తమ్ముడు ఫోన్‌లో రికార్డు చేశాడు, అది విని రాశాను. ఆ రోజు మర్చిపోయినవి రెండు మూడు కలిపాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.)





మంచు అంటే మనకి తెలుసు. డిసెంబరు వస్తే లంబసింగి రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. వైజాగు నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చినవాళ్ళు తెల్లారకుండానే టీ కొట్టు దగ్గర నిలబడి "మంచు ఎక్కడ పడుతుందండీ?" అని అడుగుతారు. గడ్డి మీద తెల్లగా పేరుకున్నది చూపిస్తే "ఇంతేనా?" అంటారు. ఇంతే. మనది పొగమంచు, చలి బాగా ముదిరిన రోజు గడ్డి మీద పేరుకునే మంచు. ఎండ పొడగానే పోతుంది. తెలుగులో అన్నిటికీ 'మంచు' అన్న ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటాం.

నేను ఇవాళ చెప్పబోయేది వేరే మంచు. ఏళ్ళ తరబడి పడి, పొర మీద పొర నొక్కుకుని, రాయిలా గట్టిపడి, తన బరువుకి తనే కొండ మీంచి కిందికి జారే మంచు. పుస్తకాల్లో హిమానీనదం అంటారు. పేరులో నది ఊరికే లేదు. అది నిజంగానే కదులుతుంది, మన కంటికి ఆననంత నిదానంగా.

మన సీలేరులో గాని, గోదావరిలో గాని హిమానీనదం నీళ్ళు చుక్క కూడా లేవు. అన్నీ వాన నీళ్ళే. మరి మనకెందుకీ గొడవ అని మీరనుకోవచ్చు. అందుకే ముందు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను.

డిగ్రీ రెండో సంవత్సరంలో, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం రోజు, కాలేజీలో మైకు ఇచ్చారు. అడవి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఊపులో "2035 కల్లా హిమాలయాల్లో ఒక్క హిమానీనదం కూడా మిగలదు!" అనేశాను. చప్పట్లు మోగాయి. కిందికి దిగాక మా ఫిజిక్స్ సార్ పక్కకి పిలిచారు. "ఆ 2035 ఎక్కడిది?" అన్నారు. "ఐక్యరాజ్యసమితి రిపోర్టు సార్" అన్నాను. "ఆ రిపోర్టు వాళ్ళే అది తప్పని 2010లో ఒప్పుకున్నారు. నీకింకా ఆ సంగతి చేరలేదా?" అన్నారు. అంతవరకు పర్వాలేదు. పక్కనే ఉన్న క్లాస్‌మేట్ ఒకడు నవ్వుతూ "మీవాళ్ళ లెక్కలన్నీ ఇంతేరా" అన్నాడు.

మీవాళ్ళ లెక్కలు! నేను చెప్పిన ఒక్క తప్పు నా ఒక్కడిదిగా మిగల్లేదు చూశారా. మన జాతి మొత్తానికి అంటుకుంది. ఎంత భూమి పోయింది, ఎన్ని కుటుంబాలు కదిలాయి అని మనం ఎక్కడ చెప్పబోయినా ఎదుటివాడు ముందు వెతికేది అలాంటి ఒక్క తప్పు కోసమే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఈ మంచు గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

ముందు ఆ 2035 కథ చెప్తాను, వినాలి. 2007లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ప్రభుత్వాలన్నీ కలిసి పెట్టుకున్న శాస్త్రవేత్తల సంఘం, పెద్ద నివేదిక ఇచ్చింది. వేల పేజీలు. అందులో ఆసియా గురించిన అధ్యాయంలో ఒక్క పేరాలో ఈ 2035 ఉంది. అదెక్కడినుంచి వచ్చింది? 2005లో ఒక పర్యావరణ సంస్థ వేసిన రిపోర్టు నుంచి. వాళ్ళకెక్కడిది? 1999లో ఒక సైన్సు పత్రికలో వచ్చిన వార్త నుంచి. ఆ వార్త ఒక శాస్త్రవేత్తతో మాట్లాడి రాసింది. కొలిచి, లెక్కకట్టి, తోటివాళ్ళ చేత తనిఖీ చేయించిన పరిశోధన దాని వెనక ఒక్కటీ లేదు. సంత దగ్గర విన్న మాట ఊళ్ళోకి వచ్చేసరికి నిజమైపోతుంది కదా, అదే జరిగింది.

ఇంకో తమాషా. అదే పేరాలో హిమానీనదాల విస్తీర్ణం 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకి పడిపోతుందని రాశారు. హిమాలయాల్లో ఉన్నదే దాదాపు 33 వేల చదరపు కిలోమీటర్లు! ఆ అంకెలు 1996లో ఒక రష్యన్ శాస్త్రవేత్త వేసిన అంచనావి. అది ధ్రువప్రాంతాలు కాకుండా ప్రపంచం మొత్తం లెక్క. అందులో ఉన్న సంవత్సరం 2350. ఇక్కడికొచ్చేసరికి 2035 అయి కూర్చుంది.

2009లో మన కేంద్ర పర్యావరణ శాఖ వి.కె. రైనా అనే భూగర్భ శాస్త్రవేత్త చేత ఒక పత్రం రాయించి విడుదల చేసింది. మంచు అంత అసాధారణంగా ఏమీ కరగట్లేదని అందులో ఉంది. అంటే ఒకవైపు 2035కి మొత్తం పోతుందన్నవాళ్ళు, ఇంకోవైపు కంగారేం లేదన్నవాళ్ళు. రెండూ సరి కాదు. తప్పుని తీగ లాగి బయటపెట్టింది మాత్రం హిమానీనదాలు కొలిచే శాస్త్రవేత్తలే. కెనడాకి చెందిన గ్రాహం కోగ్లీ, ఇంకొందరు ఆ అంకె ఎక్కడ పుట్టిందో వెతికి 2010 జనవరిలో 'సైన్స్' పత్రికలో రాశారు. ఆ నెల 20న ఐపీసీసీ తప్పు ఒప్పుకుంది. నేను స్టేజీ ఎక్కింది ఎన్నో ఏళ్ళ తర్వాత. అప్పటికీ వాట్సాప్‌లో ఆ 2035 తిరుగుతూనే ఉంది. ఇప్పటికీ తిరుగుతోంది, మీ గ్రూపుల్లో వెతికి చూడండి.

మరి అసలు లెక్క ఎలా కడతారు? గాదెతో చెప్తాను. కోత కాలంలో గాదెలో గింజలు పోస్తాం. ఏడాది పొడుగునా కింద నుంచి తీసుకుని తింటాం. పోసిందీ తీసిందీ సమానమైతే గాదె అలాగే ఉంటుంది. హిమానీనదం కూడా అంతే. పైన ఎత్తులో మంచు పడుతుంది, అది రాబడి. కింద వేడికి కరుగుతుంది, అది ఖర్చు. మధ్యలో ఎక్కడో ఒక గీత ఉంటుంది. దాని పైన మిగులు, కింద తరుగు. వేడి పెరిగేకొద్దీ ఆ గీత పైకి జరుగుతుంది. గీత కొండ శిఖరం దాటిపోయిందంటే ఇక పైన పోసేదేమీ లేదు. ఆ హిమానీనదం ఉన్నది తిని చావడమే. ఎన్నేళ్ళు పడుతుందన్నది అది ఎంత మందంగా ఉందన్నదాని మీద ఉంటుంది.

దీన్ని కొలిచే పనిముట్టు ఏంటో తెలిస్తే మీకు సరదాగా ఉంటుంది. వెదురు కర్ర! హిమాచల్ ప్రదేశ్‌లో లాహౌల్-స్పీతి జిల్లా ఉంది. మన పాడేరులాగే ఐదో షెడ్యూలు ప్రాంతం. అక్కడ చంద్రా నది లోయలో ఛోటా షిగ్రీ అని హిమానీనదం ఉంది, సుమారు 9 కిలోమీటర్ల పొడవు. దాని ఐసులోకి లోతుగా రంధ్రాలు చేసి వెదురు కర్రలు దించుతారు. ఏడాది తర్వాత వెళ్ళి చూస్తే కర్ర ఎంత బయటపడిందో అంత మంచు కరిగినట్టు. పైన ఎత్తులో గుంట తవ్వి కొత్తగా ఎంత మంచు చేరిందో చూస్తారు. ఢిల్లీ జేఎన్‌యూ వాళ్ళూ ఫ్రాన్స్ వాళ్ళూ కలిసి 2002లో మొదలుపెట్టారు. అలా కొలిస్తే తేలింది, సగటున ఏటా అర మీటరుకి కాస్త తక్కువ నీళ్ళంత మందం పోతోందని. అక్కడక్కడా ఒక మంచి సంవత్సరం వస్తుంది, మంచు మిగులుతుంది. మొత్తం మీద నష్టమే.

ప్రపంచంలో హిమానీనదాలు 2 లక్షలకు పైనే ఉన్నాయి. అన్నిటికీ కర్రలు దించడం అయ్యే పని కాదు. కొన్ని వందల చోట్లే అలా కొలిచారు. మిగతావాటిని పైనుంచి చూడాల్సిందే. 1970ల్లో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు యుద్ధం పనికోసం తీసిన ఫొటోలు తర్వాత బయటికొచ్చాయి. 2019లో పరిశోధకులు ఆ ఫొటోలనీ కొత్త ఉపగ్రహాల కొలతలనీ పక్కపక్కన పెట్టి హిమాలయాల్లో 650 హిమానీనదాలని పోల్చి చూశారు. 1975 నుంచి 2000 వరకు కరిగిన వేగం కంటే 2000 తర్వాత కరిగిన వేగం రెట్టింపు ఉంది. 2035 అబద్ధం. ఈ రెట్టింపు నిజం. రెండూ గుర్తుపెట్టుకోవాలి.

ఇక జరిగిపోయింది కొలవడం వేరు, జరగబోయేది చెప్పడం వేరు. అక్కడ చిక్కులున్నాయి. మీరు సంతలో ఐసు గడ్డ చూసుంటారు. దాని మీద ఊకో రంపపు పొట్టో కప్పుతారు, తొందరగా కరక్కుండా. హిమాలయాల్లో చాలా హిమానీనదాల మీద కొండచరియల రాళ్ళూ మట్టీ దట్టంగా పరుచుకుని ఉంటాయి, అవి ఊకలా కాపాడతాయి. అదే పల్చగా, మసిలా పడిందనుకోండి, నల్లచొక్కా ఎండకి వేడెక్కినట్టు వేడెక్కి ఇంకా తొందరగా కరిగిస్తుంది. ఒకే హిమానీనదం మీద ఒకచోట అది, ఇంకోచోట ఇది! లెక్క ఎలా కడతావు?

ఇంకొకటి. యూరప్‌లో మంచు చలికాలంలో పడుతుంది, ఎండాకాలంలో కరుగుతుంది. తూర్పు హిమాలయాల్లో అలా కాదు. మన రుతుపవనాలే అక్కడికీ వెళ్తాయి కాబట్టి పడేదీ కరిగేదీ ఒకే కాలం. వేడి కాస్త పెరిగితే పడాల్సిన మంచు వానగా మారుతుంది. రాబడి తగ్గింది, ఖర్చు పెరిగింది, రెండూ ఒకే దెబ్బతో. కారకోరం కొండల్లో మాత్రం చాలాకాలం కొన్ని హిమానీనదాలు చెక్కుచెదరకుండా నిలబడ్డాయి, కొన్ని కాస్త పెరిగాయి కూడా. అది చూపించి "అంతా అబద్ధం" అనేవాళ్ళున్నారు. మా మేనమామ రోజూ చుట్ట కాల్చి ఎనభై ఏళ్ళు బతికాడు కాబట్టి చుట్ట మంచిదే అన్నట్టుంటుంది ఆ వాదన.

అంచనా తప్పితే ఎప్పుడూ ఎక్కువచేసి చెప్పే వైపే తప్పుతుందనుకోకండి. బొలీవియా దేశంలో లాపాజ్ నగరం పైన చకల్తాయా అని ఒక చిన్న హిమానీనదం ఉండేది. ఐమారా ఆదివాసుల నేల అది. 5 వేల మీటర్లకు పైన, ప్రపంచంలోనే అంత ఎత్తున మంచు మీద జారుడు ఆటలు నడిచిన చోటు. ఎడ్సన్ రామిరేజ్ అనే శాస్త్రవేత్త దాన్ని ఏళ్ళతరబడి కొలిచి 2015 ప్రాంతానికి పోతుందని చెప్పాడు. 2009కే పోయింది. ఎందుకు తొందరపడింది? మంచు పల్చబడేకొద్దీ చుట్టూ నల్లరాయి బయటపడింది. రాయి ఎండకి కాగి పక్కనున్న మంచుని ఇంకా కరిగించింది. అది చూసి ఇంకో రాయి బయటికొచ్చింది. చివరి దశలో లెక్క కంటే చావు వేగంగా వచ్చింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు 2035 కంటే ఎక్కువ భయం వేసింది, నిజం చెప్తున్నా.

సరే, ఇప్పుడు ఇవాళ్టికి మనకున్న మంచి లెక్క ఏంటి? అంకెలు నాలుగే చెప్తాను, రాసుకోండి.

2000 నుంచి 2023 వరకు ప్రపంచంలోని హిమానీనదాలు ఏటా సగటున 27,300 కోట్ల టన్నుల ఐసు పోగొట్టుకున్నాయి. మొత్తంలో దాదాపు 5 శాతం. ఆ నీళ్ళు సముద్రాన్ని 18 మిల్లీమీటర్లు పెంచాయి. మనకి హిమానీనదం నీళ్ళు రావు అన్నాను కదా, అలా సముద్రం దారిలో కాకినాడకీ వైజాగుకీ వస్తాయి. ఇది మొదటిది.

రెండోది. 2023లో వచ్చిన ఒక పెద్ద లెక్క ప్రకారం భూమి వేడి, పరిశ్రమలు రాకముందు కంటే 1.5 డిగ్రీల దగ్గర ఆగితే 2100 నాటికి హిమానీనదాల సంఖ్యలో దాదాపు సగం మాయమవుతాయి. 4 డిగ్రీలకి వెళ్తే 83 శాతం మాయం. పోయేవి ఎక్కువ చిన్నవే. అందుకే సంఖ్యలో సగం పోయినా ఐసు మొత్తంలో పోయేది 26 శాతం, 4 డిగ్రీలైతే 41 శాతం. సంఖ్య వేరు, బరువు వేరు. పేపర్లో 'సగం హిమానీనదాలు మాయం' అని చదివి సగం నీళ్ళు పోతాయని చెప్పకండి. అలా చెప్తే మా సార్ లాంటివాళ్ళు మళ్ళీ పక్కకి పిలుస్తారు.

మూడోది నన్ను ఎక్కువ పట్టుకున్నది. 2025లో ఎనిమిది రకాల కంప్యూటర్ నమూనాలతో ఇంకో లెక్క కట్టారు. ఇవాళ ఉన్న వేడి ఇక్కడే ఆగిపోయిందనుకున్నా, రేపటి నుంచి ఒక్క పొగగొట్టం కూడా లేదనుకున్నా, ఇంకా 39 శాతం ఐసు పోక తప్పదు. ఎందుకంటే హిమానీనదానికి వేడి ఆలస్యంగా ఎక్కుతుంది. పొయ్యి ఆర్పేశాక కూడా కుండ కాసేపు ఉడుకుతుంది కదా. ఇది ఎప్పటికి? వందల ఏళ్ళలో. 2100 దాటి చాలా దూరం. అందుకే రెండో లెక్కకీ దీనికీ అంకెలు కలవవు. ఒకటి ఈ శతాబ్దం చివరి సంగతి, ఇంకొకటి కుండ పూర్తిగా చల్లారాక సంగతి.

నాలుగోది అందులోనే ఉంది. వేడి 1.5 దగ్గర ఆగితే చివరికి సగానికి కాస్త పైన ఐసు మిగులుతుంది. ఇప్పుడు దేశాలు నడుస్తున్న దారిలో 2.7 డిగ్రీలకి వెళ్తే మిగిలేది 24 శాతం. ఈ మధ్యలో డిగ్రీలో పదో వంతు పెరిగిన ప్రతిసారీ దాదాపు 2 శాతం ఐసు అదనంగా పోతుంది.

ఆ 39 శాతం అనేది కూడా ఒక్క అంకె కాదు. నమూనాలని బట్టి 15 నుంచి 55 దాకా ఉంది. ఇక్కడే మన నోరు మూయించాలని చూస్తారు. "చూశారా, వాళ్ళకే తెలీదు, 15కీ 55కీ ఎంత తేడా!" అని. మా తాత పొలం గట్టు మీద నిలబడి వెన్ను చూసి "ఈ ఏడు పది బస్తాలు తగ్గదు, పదిహేను దాటదు" అనేవాడు. తాతకి వ్యవసాయం తెలీదని ఎవరన్నా అన్నారా? పదికి తగ్గదన్న నమ్మకంతోనే అప్పు చేసేవాళ్ళం, పదిహేను దాటదన్న ఎరుకతోనే పెళ్ళి ఖర్చు తగ్గించుకునేవాళ్ళం. తెలిసినవాడే హద్దులు చెప్తాడు. పైగా ఆ హద్దుల్లో ఎక్కడా సున్నా లేదు. ఎనిమిది నమూనాల్లో ఒక్కటి కూడా మంచు తగ్గదని చెప్పలేదు.

ఇంకో మోసం ఉంది. హిమానీనదం తొందరగా కరిగే రోజుల్లో కింద నదిలో నీళ్ళు పెరుగుతాయి. సింధు లాంటి నదికి కరిగిన మంచు నీటి మీద ఆధారం చాలా ఎక్కువ, గంగకి అంతకంటే తక్కువ. హిందూకుష్ హిమాలయ నదుల్లో ఈ శతాబ్దం మధ్య వరకు నీళ్ళు పెరిగి, ఆ తర్వాత తగ్గుతాయని లెక్క. పెరిగినన్ని రోజులూ అందరికీ బాగానే ఉంటుంది. "నీళ్ళు పుష్కలంగా ఉన్నాయి, డ్యాము కట్టుకుందాం" అంటారు. విత్తనపు గింజలు వండుకు తింటున్న ఇల్లు ఆ నెల మిగతా ఇళ్ళకంటే బాగా తిన్నట్టే కనిపిస్తుంది.

డ్యాము అన్నాను కాబట్టి సిక్కిం సంగతి చెప్తాను. హిమానీనదం వెనక్కి జరిగితే అది వదిలేసిన గుంటలో నీళ్ళు చేరి చెరువవుతుంది. గట్టు ఏమో రాళ్ళూ మట్టీ, అంతే. సిక్కింలో దక్షిణ ల్హోనాక్ అనే చెరువు అలా పుట్టింది. 1970ల్లో 20 హెక్టార్ల చెరువు. 2023 సెప్టెంబరు 28న 167 హెక్టార్లు. ఆ కొలత వేసింది ఎవరనుకున్నారు? మన హైదరాబాదులోని ఎన్ఆర్ఎస్సీ, ఇస్రోవాళ్ళ సంస్థ. అక్టోబరు 4న మళ్ళీ చూస్తే 60 హెక్టార్లే ఉంది. మిగతా నీళ్ళు ముందురోజు రాత్రి తీస్తా లోయలోకి దూకాయి. చెరువు పక్క చరియ విరిగి అందులో పడింది, గట్టు తెగింది. చుంగ్‌థాంగ్ దగ్గరున్న 1,200 మెగావాట్ల తీస్తా-3 డ్యాము కొట్టుకుపోయింది. పదులకొద్దీ జనం చనిపోయారు, ఇంకెందరో దొరకనే లేదు.

ఇది ఎవరికీ తెలియంది కాదు. ఆ చెరువు తెగే ప్రమాదం ఉందని అంతకు ముందే పరిశోధకులు రాశారు. హెచ్చరించే యంత్రాలు పెట్టే పని మొదలైంది, పూర్తి కాలేదు. ఏ రాత్రి తెగుతుందో ఏ శాస్త్రమూ చెప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ చెరువు పెరుగుతోందని, గట్టు బలహీనమని, కింద డ్యాము ఉందని, డ్యాము కింద ఊళ్ళున్నాయని నాలుగూ తెలుసు. ఆ లోయ లెప్చాల లోయ. వాళ్ళు మనలాగే ఆదివాసులు. 2007లో లెప్చా యువకులు తీస్తా ప్రాజెక్టులొద్దని గ్యాంగ్‌టక్‌లో నెలల తరబడి నిరాహార దీక్షలు చేశారు. జోంగు ప్రాంతంలో కొన్ని ప్రాజెక్టులు దానివల్లే ఆగాయి. తీస్తా-3 ఆగలేదు. వాళ్ళ దగ్గర ఉపగ్రహాలు లేవు. కొండ సంగతి మాకు తెలుసన్నారు, అంతే. ఇప్పుడు అదే చోట పాతదానికంటే ఎత్తుగా మళ్ళీ కడతామంటే 2025 జనవరిలో కేంద్ర నిపుణుల కమిటీ సరే అంది.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ "హిమానీనదం కరిగి వరద" అని ఒక్క ముక్కలో తేల్చేయకూడదు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్ చమోలీలో వచ్చిన వరద చెరువు తెగి వచ్చింది కాదు. రోంటీ శిఖరం నుంచి రాయీ ఐసూ కలిసి పెద్ద ముక్క విరిగి పడింది. 200 మందికి పైగా చనిపోయారో గల్లంతయ్యారో. చాలామంది ప్రాజెక్టుల్లో పనిచేసే కూలీలే. ఆ దారిలో ఉన్న రైణీ, 1974లో గౌరాదేవి వెంట ఆడవాళ్ళు చెట్లని వాటేసుకున్న ఊరు. కారణం ఏదో సరిగ్గా చెప్పాలి. ఊళ్ళు నష్టపోయింది అప్పుడూ నిజమే.

ఈ అంచనాలు కోర్టు దాకా వెళ్తే ఏమవుతుంది? పెరూ దేశంలో సాయుల్ లూసియానో య్యూయా అని ఒక కెచువా రైతు ఉన్నాడు. కొండలెక్కేవాళ్ళకి దారి చూపించే పని కూడా చేస్తాడు. ఆయన ఊరు వారాజ్ పైన పాల్కాకోచా అనే హిమానీనదపు చెరువుంది. 1941లో అది తెగి కనీసం 1,800 మంది చనిపోయారు. ఇప్పుడు మళ్ళీ బాగా నిండింది. ఆయన 2015లో జర్మనీ వెళ్ళి ఆర్‌డబ్ల్యూఈ అనే పెద్ద కరెంటు కంపెనీ మీద కేసు వేశాడు. లోకంలో ఇప్పటిదాకా వదిలిన పొగలో ఆ కంపెనీ వాటా 0.47 శాతం అని ఒక లెక్కుంది. చెరువుని అదుపులో పెట్టే ఖర్చులో ఆ 0.47 శాతమే ఇవ్వండి అన్నాడు, సుమారు 17 వేల యూరోలు. చూడండి, ఎంత కచ్చితంగా అడిగాడో! నువ్వే చంపావు అనలేదు. నీ వంతు నువ్వు కట్టు అన్నాడు. జడ్జీలు 2022లో జర్మనీ నుంచి ఆ కొండల దాకా వచ్చి చూసి వెళ్ళారు.

2025 మే 28న తీర్పొచ్చింది. కేసు ఓడిపోయాడు. వచ్చే 30 ఏళ్ళలో వరద ఆయన ఇంటిదాకా వచ్చే అవకాశం 1 శాతమేనని కోర్టు పెట్టిన నిపుణులు లెక్క చెప్పారు, అది చాలదంది కోర్టు. ఆ లెక్కలో మారుతున్న వాతావరణాన్ని తగినంత చూడలేదని ఆయన తరఫువాళ్ళు వాదించారు, కోర్టు ఒప్పుకోలేదు. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది: పొగ ఎక్కువ వదిలిన కంపెనీలని ఇలాంటి నష్టానికి బాధ్యుల్ని చేయొచ్చు, దూరదేశంలో ఉన్నారన్నది అడ్డం కాదు. పదేళ్ళు ఒక రైతు నిలబడితే ఆ వాక్యం వచ్చింది. ఆయన ఇల్లు ఓడిపోయింది, వాక్యం మిగిలింది. దీన్ని గెలుపనాలా ఓటమనాలా, మీరు మీ ఊళ్ళో మాట్లాడుకోండి. నాకైతే ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది.

కాబట్టి ఎవరైనా "హిమాలయం మంచు మిగులుతుందా?" అని అడిగితే నేనిప్పుడు ఇలా చెప్తున్నాను. చిన్నవి చాలా పోతాయి, అది ఆపలేం. పెద్దవాటిలో కొంత పోవడం ఖాయం, ఆ వేడి ఇప్పటికే ఎక్కేసింది. మిగతాది ఎంత మిగులుతుందన్నది బొగ్గూ చమురూ ఎంత కాలుస్తారన్నదాని మీద ఉంది. సగం దాకా మిగలొచ్చు, నాలుగో వంతు కూడా మిగలకపోవచ్చు. ఫలానా ఊరి చెరువు ఫలానా రోజు తెగుతుందని ఎవరూ చెప్పలేరు, అందుకే ఆ ఊరివాళ్ళని అడగకుండా దాని కింద ఏదీ కట్టకూడదు. కిన్నౌర్ కొండల్లో ఆదివాసీ యువత "నో మీన్స్ నో" అంటూ చెప్తున్నదీ ఇదే.

"అంతా అబద్ధం" అనేవాడికీ, "అంతా అయిపోయింది, ఇంకేం చేస్తాం" అనేవాడికీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ చెప్పేది నువ్వు ఇంటికి వెళ్ళి పడుకో అనే. పోయినేడు ఆ క్లాస్‌మేట్ చింతపల్లి బస్టాండులో కనిపించాడు. పాత మాట వాడే ఎత్తాడు, "ఏరా, ఇంకా 2035 యేనా?" అని. బస్సు వచ్చేదాకా పైన చెప్పిందంతా చెప్పాను. నవ్వలేదు. "ఆ వెదురు కర్రల సంగతి నిజమేనా?" అని మాత్రం అడిగాడు.

శిబిరంలో మాట్లాడటం అయ్యాక ఒక చెల్లి లేచింది, ఇంటర్ చదువుతోందట. "మీరెప్పుడైనా హిమానీనదం చూశారా?" అంది. లేదమ్మా అన్నాను. అందరూ నవ్వారు. ఛోటా షిగ్రీ చూడాలని ఉంది. మనాలి దాకా బస్సుంది, అక్కడినుంచి లాహౌల్. చార్జీలకి డబ్బులు దాస్తున్నాను, ఇంకా సగం కూడా కాలేదు. ఎవరైనా వస్తామంటే చెప్పండి, వెళ్ళేది సెప్టెంబరులో. కర్ర ఎంత బయటపడిందో కొలిచేది ఆ రోజుల్లోనే.